ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ చూపిన ఇండెక్స్ అమలులో ఎందుకు లేదు

ఒరాకిల్ డేటాబేస్‌లో ఖాతా సంఖ్యతో ఒక్క వరుసను తేవలసిన క్వెరీ టేబుల్ మొత్తాన్ని చదువుతూ ఉండేది. అయినా, క్వెరీ ఎలా నడుస్తుందో అంచనా చూపే ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ కమాండ్ మాత్రం ఇండెక్స్ (వరుసను త్వరగా వెతికిపెట్టే సూచిక) వాడుతున్నట్టే చూపింది. ఆ కమాండ్ బైండ్ వేరియబుల్ (అమలు సమయంలో క్వెరీకి అందించే విలువ) అసలు రకాన్ని పట్టించుకోకుండా ప్రతిదాన్నీ వార్‌క్యార్2గానే, అంటే స్ట్రింగ్ (అక్షరాల వరుస) గానే భావిస్తుంది కనుక, నిజంగా అమలైన ప్లాన్‌ను డీబీఎంఎస్_ఎక్స్‌ప్లాన్ ప్యాకేజీలోని డిస్‌ప్లే_కర్సర్ ద్వారా తెప్పించి, చాలామంది చదవకుండా వదిలేసే అడుగుభాగంలోని ప్రెడికేట్ (క్వెరీలోని షరతుల) సమాచారాన్ని పరిశీలించాను.

అక్కడ యాక్సెస్ అని ఉంటే, ఇండెక్స్‌లో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వెతకాలో ఆ షరతే నిర్ణయిస్తున్నదని అర్థం. ఫిల్టర్ అని ఉంటే, చదివిన వరుసను ఉంచాలా వదలాలా అన్నది మాత్రమే అది తేలుస్తుంది. నా షరతు ఫిల్టర్ కింద ఉంది. పైగా క్వెరీలో ఎవరూ రాయని టూ_నంబర్ ఫంక్షన్ కాలమ్ చుట్టూ చేరి ఉంది. కాలమ్ వార్‌క్యార్2 కాగా అప్లికేషన్ నంబర్ పంపుతున్నందున, ఒరాకిల్ కాలమ్‌నే సంఖ్యగా మారుస్తూ వచ్చింది; మామూలు ఇండెక్స్‌లో ఉండేవి మార్చని విలువలే కనుక అది అక్కరకు రాలేదు.

టూ_నంబర్‌తో మార్చిన విలువలపై ఫంక్షన్ ఆధారిత ఇండెక్స్ కట్టవచ్చు గాని, ఒక్క ఖాతా సంఖ్యలో అక్షరం ఉన్నా ఓఆర్ఏ-01722 (చెల్లని సంఖ్య) లోపం వస్తుంది. ఆ దారి నాకు నచ్చలేదు. అప్లికేషన్‌లోనే బైండ్‌ను స్ట్రింగ్‌గా మార్పించాను. అయితే సంఖ్యగా పోల్చినప్పుడు ఒకటే అయిన 00123, 123 స్ట్రింగ్‌గా వేర్వేరు కాబట్టి, ముందుండే సున్నాలు టేబుల్‌లో ఉన్నట్టే వెళ్ళేలా కూడా చూడవలసి వచ్చింది. ఆ తర్వాత డిస్‌ప్లే_కర్సర్‌లో అదే షరతు, టూ_నంబర్ లేకుండా, యాక్సెస్ కింద కనిపించింది.