రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, మరి ఈ నోటీసు ఏమిటి?

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగి, వేలిముద్ర వేసి బయటికొచ్చాక 'ఇక ఇల్లు మనదే' అనుకుంటారు చాలామంది. అక్కడ జరిగింది దస్తావేజు నమోదు మాత్రమే. అమ్మిన మనిషికి అసలు హక్కు ఉందా లేదా అని తేల్చడం ఆ ఆఫీసు పని కాదు. తమిళనాడు రిజిస్ట్రేషన్ నిబంధన ఒకదాన్ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు 2025లో మళ్లీ ఇదే చెప్పింది. కింది చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఇళ్లకు, ఫ్లాట్లకు, ఇళ్ల స్థలాలకు సంబంధించిన మాటలు. పొలాల లెక్క వేరు.

సమస్య: ఇల్లు కొన్నాక, అమ్మినాయన చెల్లెలి నుంచి లాయర్ నోటీసు వచ్చింది

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఏ కాగితంలోనూ ముందుగా కనపడదు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఇల్లు తండ్రి స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండా పోయారు. కొడుకులిద్దరూ ఇంటి పన్ను తమ పేరున మార్పించుకుని ఇల్లు అమ్మేశారు. పన్ను రసీదుగానీ, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) గానీ హక్కు ఇవ్వవు. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో చెబుతాయంతే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ప్రతి కొడుక్కు, ప్రతి కూతురికి సమాన వాటా ఉంటుంది. ఇంకొక మనిషిని అందరూ మరిచిపోతారు: చనిపోయినాయన తల్లి. కొడుకు పోయేనాటికి ఆవిడ బతికుంటే ఆవిడకూ వాటా ఉంది. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న ఇంట్లో ఒక్కొక్కరిది ఐదో వంతు. తర్వాత ఆ పెద్దావిడ కూడా వీలునామా లేకుండా పోతే, ఆవిడ ఐదో వంతు ఆవిడ మిగతా పిల్లలకూ వెళ్తుంది. అంటే అమ్మేవాళ్ల బాబాయిలు, మేనత్తలు కూడా సంతకం పెట్టాల్సినవాళ్లే. 'మా ఇంటితో వాళ్లకేం సంబంధం?' అని అమ్మేవాళ్లు నిజాయితీగానే అంటారు. సంబంధం ఉంది.

పూర్వీకుల ఆస్తి అయితే కూతురి హక్కు ఇంకా గట్టిది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణతో కూతురూ పుట్టుకతోనే వాటాదారు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో భాగాలు పంచుకుని ఉంటే వాటిని ఆ సవరణ కదపదు. 'కట్నమిచ్చి పెళ్లి చేశాం కదా' అనేది చట్టం ముందు చెల్లే వాదన కాదు.

పరిష్కారం, కొనకముందైతే: మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించుకుని, అందులో ఉన్న పేర్లన్నీ సేల్ డీడ్‌లో అమ్మేవాళ్లుగా ఉండేలా చూడండి. అమ్మడం ఇష్టమే గానీ సంతకానికి రాలేమంటే రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు కావాలి. 'నాకు అభ్యంతరం లేదు' అని నోటరీ చేయించిన కాగితం చాలదు. వారసుల్లో మైనర్ ఉంటే, ఆ పిల్లవాడి వాటా అమ్మడానికి కన్నతల్లికైనా కోర్టు అనుమతి తప్పనిసరి. లేకుంటే మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని ప్రశ్నించవచ్చు.

కొనేశాకైతే: నోటీసును పక్కన పడేయకండి. అమ్మినవాళ్ల వాటా మేరకు మీ కొనుగోలు నిలుస్తుంది, చెల్లెలి వాటా మాత్రం మీకు రాలేదు. ఆవిడతో ధర మాట్లాడుకుని ఆ వాటాకు విడిగా దస్తావేజు రాయించుకోవడం, ఆ ఖర్చును సేల్ డీడ్‌లోని నష్టపరిహారం క్లాజు కింద అమ్మినవాళ్ల నుంచి రాబట్టడం, కోర్టు మెట్లెక్కడం కంటే చౌక. ఆ క్లాజు మీ డీడ్‌లో ఉందో లేదో ఇప్పుడే తీసి చూసుకోండి.

సమస్య: ఈసీ శుభ్రంగా ఉంది, అయినా బ్యాంకువాళ్లు గోడకు నోటీసు అంటించారు

కారణం: ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. అందులో కనిపించేవి రిజిస్టరైన దస్తావేజులే, అవీ మీరిచ్చిన వివరాలతో సరిపోలినవి మాత్రమే. ఒరిజినల్ కాగితాలు తనఖా పెట్టి అప్పు తెచ్చి, ఆ తనఖాను రిజిస్టర్ చేయించకపోతే ఈసీలో పడదు. కోర్టులో నడుస్తున్న దావా కూడా సాధారణంగా పడదు. దావా నడుస్తుండగా కొన్నవారికి దాని తీర్పు వర్తిస్తుంది, మీకు దాని సంగతే తెలియకపోయినా సరే. పాత డోర్ నంబరు మారి కొత్తది వచ్చిన ఊళ్లలో, కొత్త నంబరుతో వెతికితే పాత లావాదేవీలు దొరకవు.

పరిష్కారం: పాత డోర్ నంబరు, కొత్తది, ప్లాటు నంబరు, సర్వే నంబరు, అన్నిటితోనూ విడివిడిగా ఈసీ తీయించండి. ఆన్‌లైన్‌లో దొరికేవి 1983 నుంచే, అంతకు ముందువి ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. బ్యాంకు తనఖాల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కొద్దిపాటి రుసుముతో ఎవరైనా వెతకవచ్చు. ఈ-కోర్ట్స్ సైటులో అమ్మేవాళ్ల పేరుతో ఆ జిల్లా కేసులు చూడవచ్చు, పైసా ఖర్చు లేదు. అన్నిటికంటే సులువైన పరీక్ష ఒకటుంది: 'ఒరిజినల్స్ చూపించండి' అని అడగడం. కలర్ జిరాక్సులు చూపించి మాట మారుస్తున్నారంటే ఒరిజినల్స్ ఎక్కడో బీరువాలో కాదు, ఏదో బ్యాంకులో ఉన్నాయనుకోండి. అప్పు ఉండటం తప్పు కాదు. బాకీ ఎంతో బ్యాంకు నుంచి లెటర్ తెప్పించి, ఆ మొత్తం అమ్మేవాళ్ల చేతికి కాకుండా నేరుగా లోన్ ఖాతాకే కట్టి, కాగితాలు విడిపించుకుంటే సరిపోతుంది.

నోటీసు ఇప్పటికే అంటించేశారా? సర్ఫేసీ చట్టం (అప్పు తీర్చకపోతే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద స్వాధీనం చర్య మొదలైతే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులే గడువు.

సమస్య: అడ్వాన్స్ తీసుకున్నారు, రిజిస్ట్రేషన్‌కు మాత్రం రావడం లేదు

కారణం సాధారణంగా ఒక్కటే: ధర పెరిగింది, ఇంకొకరు ఎక్కువిస్తామన్నారు. అగ్రిమెంటు చేతిలో ఉంది కాబట్టి ఇంటి మీద హక్కు వచ్చేసిందనుకోవద్దు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ప్రకారం అగ్రిమెంటు ఆ ఆస్తిలో ఏ హక్కునూ ఇవ్వదు. దస్తావేజు రాసివ్వమని కోర్టులో అడిగే వీలు మాత్రం ఇస్తుంది.

పరిష్కారం: మిగతా డబ్బు సిద్ధంగా ఉందని, ఫలానా తేదీన రిజిస్ట్రేషన్‌కు రమ్మని లాయర్ నోటీసు పంపండి. 'నేను సిద్ధంగానే ఉన్నాను' అన్నదాన్ని కోర్టులో రుజువు చేయాల్సింది కొనేవాళ్లే, కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటు, లోన్ మంజూరు లెటరు దాచుకోండి. దావాకు గడువు మూడేళ్లు. అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకుంటే వాళ్లు రామన్నట్టు మీకు తెలిసినప్పటి నుంచి. 'వచ్చే నెల చేద్దాం' అంటూ కాలం గడిపే పెద్దమనుషుల వల్ల పోయేది ఈ గడువే. దావాలో ప్రత్యామ్నాయంగా అడ్వాన్స్ వాపసు కూడా అడగాలి, అడగనిది కోర్టు ఇవ్వదు.

అడ్వాన్స్ నగదుగా ఇచ్చి ఉంటే రుజువు కష్టం. పైగా ఇల్లు, స్థలం లావాదేవీలో ₹20,000, ఆపైన నగదు అడ్వాన్స్ తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. అమ్మేవాళ్లూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

సమస్య: 'మీ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంది' అని దస్తావేజు తీసుకోలేదు

రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింద ప్రభుత్వ, అసైన్డ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన), దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు (భూ పరిమితికి మించి ప్రభుత్వం తీసుకున్న) భూములు ఈ జాబితాలోకి వస్తాయి. కొన్నిసార్లు సర్వే నంబరులో కొంత భాగమే అలాంటిదైనా మొత్తం నంబరును ఎక్కించేస్తారు. నోటి మాటతో వెనక్కి రాకండి. ఏ క్లాజు కింద, ఏ శాఖ లేఖ మీద ఎక్కించారో తెలుసుకోండి, తిరస్కరణ ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఉత్తర్వు మీద రిజిస్ట్రార్‌కు అప్పీలు చేయడానికి గడువు 30 రోజులు. పొరపాటున ఎక్కిన నంబరును తొలగించమని కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. నిజంగానే దేవుడి మాన్యం అయితే మాత్రం మధ్యవర్తి 'నేను చూసుకుంటా' అన్నా సరే, అడ్వాన్స్ ఇవ్వకండి.

సమస్య: దస్తావేజులో 240 గజాలు, నేల మీద 222

సేల్ డీడ్ చివరి షెడ్యూలు తీయండి: 'తూర్పు: 20 అడుగుల రోడ్డు, పడమర: ప్లాటు నంబరు 14...' అంటూ నాలుగు హద్దులుంటాయి. లింకు డాక్యుమెంట్లలోనూ (అంతకు ముందు ఆస్తి చేతులు మారినప్పటి దస్తావేజుల్లోనూ) అవే హద్దులు, అదే విస్తీర్ణం ఉంటే తేడా నేల మీద వచ్చింది. రోడ్డు వెడల్పులోనో, పక్కవాళ్ల గోడలోనో పోయి ఉంటుంది, సర్వేయర్‌తో కొలిపించాలి. పాత దస్తావేజులో 222 ఉండి మీదాంట్లోనే 240 పడితే అది రాతలో పొరపాటు. సవరణ దస్తావేజుతో సరిదిద్దుకోవాలి, దాని మీద అమ్మినవారి సంతకం కావాలి. వాళ్లు లేకపోతే వారసులది. సవరణతో లేని స్థలం మాత్రం పుట్టదు.

సమస్య: జీపీఏ మీద కొన్నాం, ఇప్పుడు అమ్మబోతే కొనేవాళ్లకు బ్యాంకు లోన్ ఇవ్వనంటోంది

జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం), అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇచ్చినా హక్కు బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అసలు యజమాని బతికుండగానే సేల్ డీడ్ రాయించుకోవడమే మందు. ఆయన పోతే సాధారణ జీపీఏ ఆయనతోనే పోతుంది, మీరు వారసుల చుట్టూ తిరగాలి.

సమస్య: అమ్మిన ఇంటికి డబ్బు తక్కువ వచ్చింది

ధర ₹50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1% టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఆ మొత్తం మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. జమ కాలేదంటే కొనేవారు కట్టలేదనో, పాన్ నంబరు తప్పు వేశారనో అర్థం. అమ్మేవారు ఎన్నారై అయితే ఈ 1% లెక్క పనికిరాదు. ₹50 లక్షల పరిమితి కూడా ఉండదు, రేటు చాలా ఎక్కువ, తక్కువ పట్టిన కొనుగోలుదారు మీదకే బాధ్యత వస్తుంది. అసలు లాభం తక్కువని చూపించి, తక్కువ కోత కోసం ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దానికి అమెరికాలో ఉన్న అబ్బాయి రిజిస్ట్రేషన్‌కు వారం ముందు దరఖాస్తు పెడితే కుదరదు, అగ్రిమెంటు రాసుకున్న రోజే మొదలుపెట్టాలి.