ఆటలమ్మ టీకా: ఇంట్లో ఎవరికి అవసరమో తేల్చుకోవడం ఎలా

తిరుపతిలో ఏటా మే నెలలో గంగమ్మ జాతరకు చాటింపు వేసిన తరువాత, జాతర ముగిసే వరకు ఊరివారు పొలిమేర దాటి వెళ్లి వేరే చోట రాత్రి నిద్ర చేయరాదనే కట్టుబాటు పూర్వం నుంచీ ఉంది. ఒంటిపై పొక్కులతో వచ్చే జబ్బులను అమ్మవారి పేరుతోనే పిలుచుకునే ఈ ప్రాంతంలో ఆ చాటింపు విన్నప్పుడల్లా, అంటువ్యాధి ఊరు దాటకుండా పెద్దలు చేసుకున్న ఏర్పాటు కూడా అందులో కలిసి ఉందేమోనని నాకు అనిపిస్తుంది. ఆటలమ్మకు (చికెన్‌పాక్స్‌కు) టీకా ఉన్నదనే సంగతి ఇప్పటికీ చాలా ఇళ్లకు తెలియదు. తెలిసిన ఇళ్లలోనేమో, పిల్లలకు వచ్చి పోయే దానికి టీకా ఎందుకనే వారు, అమ్మవారికి సూది వేయించడం అపచారమనే వారు, ఖర్చు చూసి వెనుకాడే వారు ఉన్నారు. ఈ ముగ్గురి సందేహాలూ కొట్టిపారేయదగినవి కావు కనుక, నిర్ణయానికి ఎలా రావాలో కొంత వివరంగా రాస్తున్నాను.

అపచారం మాట ముందుగా చూద్దాం. పెద్దమ్మవారని పిలిచిన మశూచి మన దేశంలో చివరిసారి కనిపించింది 1975లో. ప్రపంచమంతటా అది అంతరించిందని 1980లో ప్రకటించారు. దానిని పోగొట్టింది టీకాయే. అయినా తిరుపతి జాతర జరిగే తాతయ్యగుంట గంగమ్మకు పొంగళ్లు పెట్టడం ఎవరూ మానలేదు, వేషాలు కట్టడం ఆగలేదు. టీకా వేయించుకున్న తల్లే వేపాకు తోరణమూ కడుతుంది. ఆ రెండింటికీ తగువు ఉన్నట్టు నాకు ఎన్నడూ కనిపించలేదు.

ఇక అసలు పని. ఇంట్లో ఎవరెవరికి ఆటలమ్మ ఇదివరకే వచ్చి పోయిందో తెలుసుకోవడంతో నిర్ణయం మొదలవుతుంది. ఒకసారి వచ్చిన వారికి సాధారణంగా మళ్లీ రాదు కనుక వారికి ఈ టీకా అవసరం లేదు. చిన్నప్పుడు వచ్చిందో లేదో తమకు గుర్తుండదు కాబట్టి, తల్లినో మేనత్తనో అడగాలి. అడిగేటప్పుడు ‘అమ్మవారు పోసిందా’ అని మాత్రమే అడిగితే చాలదు, ఎందుకంటే తట్టును (మీజిల్స్‌ను) కూడా కొన్ని ఇళ్లలో ఆ మాటతోనే చెబుతారు. ఆటలమ్మలో పొక్కులు నీరు నిండి, దురద పెడుతూ, ఛాతీ మీద, వీపు మీద ఎక్కువగా కనిపిస్తాయి; ఒకవైపు కొత్తవి లేస్తుండగానే మరోవైపు పాతవి చెక్కు కడతాయి. తట్టులో నీటి పొక్కులు ఉండవు. దగ్గు, కళ్ల ఎరుపు, జ్వరంతో పాటు ముఖం నుంచి కిందికి దిగే ఎర్రని దద్దు ఉంటుంది. ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోతే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) చూసే ఐజీజీ రక్తపరీక్ష చేయించవచ్చు. పరీక్ష లేకుండా టీకా వేయించినా, ఇదివరకే జబ్బు వచ్చి ఉన్నవారికి దానివల్ల హాని లేదు.

ఈ ఆరా పెద్దవారి విషయంలో మరీ ముఖ్యం. చలిదేశాల్లో దాదాపు ప్రతివారికీ ఈ జబ్బు బడి వయసులోనే వచ్చి పోతుంది. మనవంటి వేడి ప్రాంతాలలో మాత్రం అది రాకుండానే యవ్వనానికి వచ్చేవారు ఎక్కువ. ‘పిల్లలకు వచ్చి పోయేదే కదా’ అనే మాట అందుకే ఇక్కడ సగమే నిజం. అమెరికాలో టీకా రాకముందు వేసిన లెక్కల ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లల్లో లక్ష మందికి జబ్బు వస్తే సుమారు ఒకరు మరణించేవారు. 30 నుంచి 49 ఏళ్ల వారిలో ఆ సంఖ్య 25కు చేరేది. పెద్దవారిని ప్రధానంగా దెబ్బ తీసేది ఊపిరితిత్తులకు వచ్చే న్యుమోనియా. తిరుపతిలో విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో, కోచింగ్ కేంద్రాల గదులలో నలుగురైదుగురు కలిసి ఉండే యువతీయువకులలో ఇదివరకు జబ్బు రానివారు ఈ కారణంగానే టీకా గురించి ఆలోచించాలి. పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే రోగి ఇతరులకు అంటించడం మొదలుపెడతాడు కనుక, ‘ఎవరికైనా వస్తే దూరంగా ఉంటాను’ అనే జాగ్రత్త హాస్టల్ గదిలో పనికిరాదు. ఒకే ఇంట్లో రక్షణ లేని వారు పదిమంది ఉంటే తొమ్మిది మంది వరకు అంటుకోగల జబ్బు ఇది.

పురిటికి వచ్చే ఆడబిడ్డ

నన్ను అడిగితే, ఈ టీకా విషయంలో పిల్లవాడిని చూసి కాక, ఇంట్లో గర్భం ధరించే వయసులో ఉన్న స్త్రీలను చూసి నిర్ణయం తీసుకోవాలంటాను. మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. ఏడో నెల దాటాక ఆడబిడ్డ పుట్టింటికి వస్తుంది. ఆ ఇంట్లో అన్నగారి పిల్లలు అంగన్‌వాడీకో బడికో వెళుతుంటారు. వేసవి మొదలవుతూనే ఒక పిల్లవాడికి పొక్కులు లేస్తాయి. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ రాకపోయి ఉంటే ఆ ఇల్లే ఆమెకు ప్రమాదకరం. గర్భం మొదటి ఇరవై వారాలలో తల్లికి ఈ జబ్బు వస్తే, అరుదుగానే అయినా, బిడ్డ అవయవ లోపాలతో పుట్టవచ్చు. ప్రసవానికి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరువాత వరకు తల్లికి పొక్కులు లేస్తే, తల్లి నుంచి ప్రతిరక్షకాలు అందకుండానే వైరస్ అందుకున్న పసిబిడ్డ ప్రాణానికే ముప్పు.

ఇక్కడే చిక్కు ఉంది. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా కనుక గర్భిణికి వేయరు. అంటే ఆమెకు రక్షణ కావాలంటే గర్భానికి ముందే వేయించాలి; రెండు డోసులు పూర్తయ్యాక కూడా కనీసం ఒక నెల, కొందరు వైద్యులు చెప్పేదాని ప్రకారం మూడు నెలలు, గర్భం రాకుండా చూసుకోవాలి. కాబట్టి పెళ్లి కుదిరిన అమ్మాయికి చీరల జాబితాతో పాటు ఈ ప్రశ్న కూడా ఒకటి ఉండాలి. అప్పటికే గర్భిణి అయితే ఆమె చుట్టూ ఉన్న పిల్లలకు వేయించవచ్చు. దానికి అడ్డు లేదు. టీకా వేసిన బిడ్డ నుంచి ఆ వైరస్ ఇతరులకు అంటడం అత్యంత అరుదు, అదీ బిడ్డకు టీకా తరువాత దద్దు లేస్తేనే. పాలిచ్చే తల్లి వేయించుకోవచ్చు.

టీకా వేయించకూడని వారు మరికొందరు ఉన్నారు. కీమోథెరపీ తీసుకుంటున్న వారు, అవయవ మార్పిడి జరిగినవారు, రెండు వారాలకు మించి ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న వారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, జెలటిన్ లేదా నియోమైసిన్ వల్ల ఒకసారి తీవ్రమైన అలర్జీకి గురైనవారు ఈ టీకాకు దూరంగా ఉండాలి. కీళ్లనొప్పులకని, ఆయాసానికని పేరు తెలియని మాత్రలు ఏళ్ల తరబడి మింగే పెద్దలు మనకు ఉన్నారు కనుక, టీకాకు వెళ్లేటప్పుడు మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది. ఇటీవల రక్తం ఎక్కించుకుని ఉంటే కొన్ని నెలలు ఆగాలి. మామూలు జలుబు అడ్డు కాదు.

ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని డోసులు

ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో లేదు. సచివాలయం ఏఎన్ఎం వేసే తట్టు–రుబెల్లా టీకాను చూసి ఆటలమ్మ టీకా కూడా పడిందనుకునే తల్లులు ఉన్నారు. తల్లీబిడ్డల కార్డు తీసి చూస్తే అనుమానం తీరుతుంది. ప్రైవేటు పిల్లల వైద్యుల దగ్గర డబ్బు పెట్టి వేయించుకోవలసిందే. చేతిలో ఉన్న డబ్బు ఒకరికే సరిపోతే ఎవరికి వేయించాలని అడిగితే, జబ్బు రాని పెళ్లికాని అమ్మాయికి మొదట, హాస్టల్‌కు వెళ్లబోయే పిల్లవాడికి తరువాత, ఏడాదిన్నర బిడ్డకు ఆ తరువాత అని నేను చెబుతాను. పిల్లల వైద్యులు ఈ వరుసను ఒప్పుకోకపోవచ్చు. వారి దృష్టిలో బిడ్డకు రెండు డోసులు పడితే జీవితమంతటి చింత అప్పుడే తీరుతుంది, డబ్బుకు ఇబ్బంది లేని ఇంట్లో అదే సరైన మాట.

భారతీయ పిల్లల వైద్యుల సంఘం మొదటి డోసు 15 నెలలకు, రెండవది 18–19 నెలలకు సూచిస్తుంది. అప్పుడు తప్పిపోతే 13 ఏళ్లలోపు మూడు నెలల ఎడంతో, ఆ తరువాత నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో రెండు డోసులు వేస్తారు. తట్టు–రుబెల్లా టీకాతో ఒకే రోజు వేయించవచ్చు. వేర్వేరు రోజుల్లో అయితే కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. జబ్బు చలికాలం చివరి నుంచి వేసవి వరకు ఎక్కువగా తిరుగుతుంది కనుక, దీపావళికి మొదటి డోసు వేయించిన పెద్దవారికి సంక్రాంతిలోపు రెండవది పూర్తవుతుంది.

ఒక డోసు పడినవారిలో నూటికి ఎనభై మందికి పైగా, రెండు పడినవారిలో తొంభై మందికి పైగా రక్షణ ఉంటుంది. మిగిలిన వారికి జబ్బు వచ్చినా సాధారణంగా యాభై పొక్కులకు మించకుండా తేలికగా పోతుంది. సూది వేసిన చోట నొప్పి, ఎరుపు, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. నెలలోపు కొద్ది పొక్కులు కూడా కొందరికి లేస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ వాడాలి. టీకా తరువాత ఆరు వారాల వరకు పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

నిలువ చేసే పద్ధతి గురించి అడగడానికి మొహమాటపడవద్దు. పొడి రూపంలో ఉండే ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. ద్రవంలో కలిపిన అరగంటలోపు వాడేయాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండలో, మందుల షాపులో కొని చేతిసంచిలో పెట్టుకుని క్లినిక్‌కు తీసుకువెళితే అది నీళ్లతో సమానం. క్లినిక్ ఫ్రిజ్‌లో ఉన్నదే వేయించుకోవాలి, లేదా ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో తెచ్చుకోవాలి. వేసిన తరువాత అరగంట అక్కడే కూర్చోవాలి.

ఇంట్లో ఒకరికి పొక్కులు లేచిన తరువాత ఈ రాత చదువుతున్న వారికి కూడా దారి ఉంది. రక్షణ లేనివారు మూడు రోజులలోపు, తప్పితే ఐదు రోజులలోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా పోవచ్చు, వచ్చినా తగ్గి రావచ్చు. గర్భిణికి మాత్రం టీకా కాదు, ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) ఇస్తారు. అది పది రోజులలోపే ఇవ్వాలి కనుక ఆ రోజే ప్రసూతి వైద్యురాలికి చెప్పాలి. గడపకు వేపాకు కట్టి, బయటివారిని రానీయకుండా, రోగిని వేరే గదిలో ఉంచే పాత పద్ధతి మంచిదే, పొక్కులన్నీ చెక్కు కట్టే వరకు దానిని పాటించాలి. అయితే నీళ్లు పోసే వరకు వైద్యుడి దగ్గరకు వెళ్లరాదనే నియమాన్ని పెద్దవారి విషయంలో పాటించరాదు, ఎందుకంటే వారికిచ్చే, వైరస్‌ను అణిచే మందు పొక్కులు లేచిన 24 గంటలలోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.