వ్యాఖ్యాత వెళ్లిపోయారు, వెబ్‌సైట్ ఆగిపోయింది: కమ్యూనిటీ రేడియోలకు సమస్య - పరిష్కారం

కమ్యూనిటీ రేడియో అంటే స్థానికుల కోసం స్థానికులే నడిపే చిన్న స్టేషన్. అందులో పనిచేసేవారు కొద్దిమందే. కార్యక్రమం చేసేది, ఎడిట్ చేసేది, దాన్ని వెబ్‌సైట్‌లోకి ఎక్కించేది చాలాచోట్ల ఒక్కరే. ఆ ఒక్కరు మానేస్తే ప్రసారం ఆగదు, వారి సమయాన్ని ఇంకొకరు తీసుకుంటారు. వెబ్‌సైట్‌కు మాత్రం దిక్కుండదు. కింద చెప్పిన చిక్కులన్నిటికీ మూలం దాదాపు ఒకటే: స్టేషన్ పేరు మీద ఉండాల్సినవి మనిషి పేరు మీద ఉండటం.

సమస్య: మానేసినవారి ఖాతా తొలగించగానే పాత కార్యక్రమాలు మాయమయ్యాయి

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

కారణం: వర్డ్‌ప్రెస్‌లో (చాలా వెబ్‌సైట్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఒక యూజర్‌ను తొలగించేటప్పుడు, వారు పెట్టినవాటిని కూడా తొలగించాలా, మరొకరి పేరుకు మార్చాలా అని అడుగుతుంది. తొందరలో మొదటిది నొక్కేస్తారు.

పరిష్కారం: వెంటనే ట్రాష్ (తొలగించినవి చేరే బుట్ట) తెరిచి చూడండి. సెట్టింగులు మార్చకపోతే పోస్టులు, పేజీలు అక్కడ 30 రోజులు ఉంటాయి. కానీ ఆ వ్యక్తి మీడియా లైబ్రరీలోకి ఎక్కించిన ఆడియో ఫైళ్లు మామూలుగా ట్రాష్‌లోకి రావు, నేరుగా పోతాయి. వాటికి హోస్టింగ్ సంస్థ (సైట్‌ను తన కంప్యూటర్లలో ఉంచేది) దగ్గరున్న బ్యాకప్పే గతి. పాత బ్యాకప్‌ల మీద కొత్తవి వచ్చి పడకముందే, అదే రోజు అడగండి.

ఇకముందు ఎవరైనా మానేస్తే ఖాతా తొలగించకండి. పాస్‌వర్డ్‌తో పాటు ఖాతాలోని మెయిల్ చిరునామాను కూడా మార్చి, హోదాను సబ్‌స్క్రైబర్‌కు (ఏదీ మార్చే అధికారం లేని హోదా) తగ్గిస్తే చాలు. లోపలికి వచ్చే దారి మూసుకుంటుంది, చేసిన పని వారి పేరుతోనే నిలుస్తుంది. 2008లో తెలంగాణలోని మాచ్‌నూరులో సంఘం రేడియో అనే స్టేషన్ మొదలైనప్పటి నుంచి ఇలాంటి స్టేషన్లలో రైతుల అనుభవాలు, ఊరి పాటలు ఎన్నో రికార్డయ్యాయి. చాలావాటికి రెండో ప్రతి ఉండదు. వాటిని చేసినవారి పేరు చెరిపేసే హక్కు కూడా మనకు లేదు.

సమస్య: వ్యాఖ్యాత పేరు మార్చినా పాత పేరే కనిపిస్తోంది

కారణం: సాధారణంగా రెండు. ఒకటి, కాష్‌లో (సైట్ త్వరగా తెరుచుకోవడానికి పేజీల నకళ్లు దాచే చోటు) ఉన్న పాత పేజీయే అందరికీ వెళుతోంది. రెండు, అదే పేరు సిబ్బంది పేజీలోనే కాక కార్యక్రమ పట్టికలో, పక్కన ఉండే పెట్టెలో, పేజీ అడుగున, పోస్టర్ బొమ్మలో కూడా ఉంది. బొమ్మలోని అక్షరాలు సైట్‌లోని వెతుకులాటకు దొరకవు.

పరిష్కారం: ముందు కాష్ ఖాళీ చేసి, లాగిన్ కాని వేరే ఫోనులో చూడండి. తరువాత పాత పేరుతో సైట్ అంతా వెతకండి. పట్టికను బొమ్మగా పెట్టే అలవాటు మానండి. మార్చడం కష్టం, చూపు లేని శ్రోతల ఫోను దాన్ని సరిగా చదివి వినిపించలేకపోవచ్చు కూడా.

సమస్య: శ్రోతల ఉత్తరాలు రావడం లేదు

కారణం: సంప్రదింపు ఫారం నింపితే అది పాత ఉద్యోగి సొంత మెయిల్‌కు వెళుతోంది.

పరిష్కారం: స్టేషన్ డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) మీద పదవి పేరుతో మెయిల్ తెరిచి, కనీసం ఇద్దరికి అందేలా పెట్టండి. వాట్సాప్ నంబరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రద్దయిన మొబైల్ నంబరు కొన్ని నెలల తరువాత మరొకరికి కేటాయింపు కావచ్చు. శ్రోత తన ఇంటి కష్టం చెప్పుకున్న సందేశం ముక్కూ మొహం తెలియని మనిషికి చేరకూడదు. స్టేషన్ పేరు మీద సిమ్ తీసుకుని, పాత నంబరును సైట్‌లోని ప్రతి పేజీ నుంచీ తీసేయండి.

సమస్య: లాగిన్ కావాలంటే ఓటీపీ పాతవారి ఫోనుకు వెళుతోంది

పరిష్కారం: మర్యాదగా ఫోన్ చేసి అడగండి. చాలామంది సాయం చేస్తారు. వారు దొరకకపోతే హోస్టింగ్ ఖాతా ద్వారా డేటాబేస్‌లోకి (సైట్ సమాచారమంతా ఉండే చోటు) వెళ్లి కొత్త నిర్వాహకుడిని చేర్చవచ్చు. అది తెలిసినవారితోనే చేయించండి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉందో కూడా అదే రోజు చూడండి. గడువు హెచ్చరికలు పాత మెయిల్‌కు పోతుంటే, సైట్ మూతపడ్డాకే మీకు తెలుస్తుంది. డాట్ కామ్ డొమైన్ రద్దయ్యాక తిరిగి తీసుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది, రుసుము మాత్రం బాగా ఎక్కువ. అది కూడా దాటితే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు.

సమస్య: సైట్‌లో అంతా సరిగ్గానే ఉంది, గూగుల్‌లో పాత నంబరే వస్తోంది

కారణం: గూగుల్ మ్యాప్స్‌లోని వివరాలు చాలాసార్లు సైట్ నుంచి వచ్చినవి కావు. అప్పట్లో ఎవరో విడిగా నమోదు చేసినవి.

పరిష్కారం: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో స్టేషన్ వివరాలు చూపే పేజీ) యాజమాన్యం కోరుతూ అభ్యర్థన పంపండి. అది ఇప్పటి యజమానిగా నమోదైనవారికి వెళుతుంది కాబట్టి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. అధికారం చేతికి వచ్చాక ఇద్దరిని నిర్వాహకులుగా చేర్చి, నంబరు, ప్రసార వేళలు సరిచేయండి.