ఎండలు ముదరకముందే: పిక్ లైన్, హిక్‌మన్ లైన్ ఉన్నవాళ్ల ఇంట్లో జాగ్రత్తలు

ఉగాది వచ్చిందంటే కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటడానికి ఎన్నో రోజులు పట్టదు. కీమో (క్యాన్సర్ మందు) కోసం చేతికి పిక్ లైనో, ఛాతీకి హిక్‌మన్ లైనో పెట్టించుకుని ఇంటికొచ్చినవాళ్లకు ఇది గడ్డు కాలం. ఆ సన్నటి గొట్టం కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది. చర్మం మీది క్రిమి లోపలికి జారితే నేరుగా రక్తంలోకే. దాన్ని ఆపేవి పైనున్న డ్రెస్సింగు, కొసనున్న మూత. చెమట, దుమ్ము చేరేది కూడా అక్కడికే.

పారదర్శకంగా ఉండే డ్రెస్సింగు 7 రోజులకోసారి, గాజుగుడ్డ కట్టు 2 రోజులకోసారి మార్చాలి. ఎండాకాలంలో ఆ గడువు వరకు ఆగడం చాలాసార్లు కుదరదు. అంచు లేచినా, లోపల తడి కనిపించినా అదే రోజు మార్పించండి. లేచిన అంచు మీద ఇంకో టేపు అంటించి నెట్టుకురావద్దు, చెమట లోపలే నిలిచి క్రిములు పెరుగుతాయి. మరీ చెమట పట్టే ఒళ్లయితే ఈ మూడు నెలలు గాజుగుడ్డ కట్టే మేలేమో నర్సమ్మను అడగండి.

ఇంట్లో మార్చడం నేర్పించి ఉంటే, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చేయండి. ఫ్యాను, కూలరు ఆపాలి, లేకపోతే గదిలోని దుమ్మంతా గాయం మీదికే వస్తుంది. మార్చేవాళ్లకు, లైను ఉన్నవాళ్లకు ఇద్దరికీ మాస్కు ఉండాలి. స్పిరిట్ కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌ (క్రిముల్ని చంపే మందు)తో చర్మాన్ని 30 సెకన్లు రుద్ది, దానంతట అదే ఆరనివ్వాలి. ఊదొద్దు, విసరొద్దు. తడి మీద అంటిస్తే చర్మం మండుతుంది, డ్రెస్సింగూ నిలవదు. ఆ మందు నిప్పంటుకునేది కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా పెట్టండి. పసుపు, వేపాకు ముద్ద, పౌడరు అక్కడ వద్దే వద్దు.

ఫ్లష్‌కు, అంటే గొట్టం లోపల సెలైన్‌తో కడగడానికి, 10 మి.లీ. సిరంజే వాడాలి. చిన్న సిరంజితో ఒత్తిడి ఎక్కువై గొట్టం పగలొచ్చు. మూతను 15 సెకన్లు రుద్ది ఆరనిచ్చి, సెలైన్‌ను కొంచెం నెట్టి, ఆగి, మళ్లీ నెట్టాలి. గట్టిగా అడ్డం తగిలితే బలవంతం చేయకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.

పండగ తలంటు దగ్గర చాలామంది పొరపడతారు. నూనె జారితే డ్రెస్సింగు జిగురు వదిలేస్తుంది. తల విడిగా, వెనక్కి వంచి కడగండి. ఒంటికి స్నానం లైను కిందివరకే. బావిలో, కేసీ కాలువలో ఈత పిల్లలకైనా ఒప్పుకోవద్దు.

హిక్‌మన్ లైను ఉన్న ఆడవాళ్లు పుస్తెలతాడుకు పిన్నీసులు తగిలించుకోవద్దు, మొన తగిలితే గొట్టానికి చిల్లు పడుతుంది. తాడు కూడా గాయాన్ని రాయకుండా పక్కకు సర్దుకోవాలి. ట్యాంకరు వచ్చిందని పిక్ లైన్ చేత్తో బిందె ఎత్తొద్దు. ఆ చేతికి బీపీ పట్టీ, సూది కూడా వద్దు. బయటికున్న గొట్టం మునుపటికన్నా పొడవుగా కనిపిస్తే లోపలికి తోయకండి, కదలకుండా టేపు వేసి ఆసుపత్రికి వెళ్లండి.

అన్నిటికన్నా భయపడాల్సింది జ్వరాన్ని వడదెబ్బ అనుకోవడం. ఒళ్లు కాలుతుంటే ఎండలో తిరిగాడనుకుని మందుల షాపులో మాత్ర తెచ్చి వేస్తారు. లైను ఉన్నవాళ్లకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే, అర్ధరాత్రైనా సరే, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. ఫ్లష్ చేసిన గంటలోపు చలి, వణుకు వస్తే అనుమానం లైను మీదే. మళ్లీ ఫ్లష్ చేయకండి. పిక్, హిక్‌మన్ రెండూ సెంట్రల్ లైన్లే, అందుకే ఆసుపత్రిలో చెప్పాల్సిన మొదటి మాట "సెంట్రల్ లైను ఉంది" అని. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే లైను నుంచి, చేతి సిర నుంచి రక్తం కల్చర్‌కు (క్రిమి ఉందేమో చూసే పరీక్షకు) తీస్తారా అని అడగండి. చెయ్యి గాని మెడ గాని వాచినా అదే రోజు చూపించాలి, సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

ప్రయాణంలో సంచిలో గొట్టాన్ని నొక్కి మూసే, పళ్లులేని క్లాంపు (క్లిప్పు) ఒకటి, గాజుగుడ్డ, టేపు పెట్టుకోండి. గొట్టం తెగినా మూత ఊడినా, తెగినచోటికీ ఒంటికీ మధ్య గొట్టాన్ని మడిచి పట్టుకుని క్లాంపు వేయాలి. గాలి లోపలికి పోతే ప్రాణాపాయం. ఆయాసం వస్తే మనిషిని ఎడమ పక్కకు, తల దిగువగా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా ఆ క్లాంపు వదలకూడదు.