బేరింగ్ మోత – 4వ పాఠం: కొత్తది వేసినా మళ్లీ గరగరేనా?

పోయిన పాఠంలో స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి మోటారు వినమన్నాను. విన్నారు, బేరింగ్ పోయిందని పసిగట్టారు, మార్చేశారు కూడా. వారం తిరక్కుండానే మళ్లీ మోత! ఇప్పుడేమో నకిలీ మాలు అంటగట్టాడని షాపువాణ్ణి తిడుతున్నారు. నకిలీలు ఉన్నమాట నిజమే. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే చాలావరకు దోషం సుత్తిది. ఎక్కించే పద్ధతి చెప్పకపోవడం నా పొరపాటు. బెల్టు టెన్షన్ సంగతి వచ్చేసారి చూద్దాం.

పుల్లర్‌తో (బేరింగ్‌ని పట్టి ఊడలాగే పనిముట్టు) పాతదాన్ని లాగడం, షాఫ్ట్ (మోటారు మధ్యలో తిరిగే కడ్డీ) తుడవడం మీకు తెలిసినవే.

6206 నంబరు బేరింగ్ తీసుకోండి: లోపలొక రింగు, బయటొక రింగు, మధ్యలో వాటి గాడుల్లో దొర్లే గోళీలు. చివరి 06ని 5తో గుణిస్తే 30, అంటే షాఫ్ట్ 30 మి.మీ. దాన్ని బిగువుగా పట్టుకునేది లోపలి రింగు. మీరు కొట్టేది మాత్రం చేతికందే బయటి రింగు మీద. ఆ దెబ్బ గోళీల మీదుగానే లోపలికి చేరాలి. గోళీ గాడికి తగిలే చోటు ఆవగింజంత కూడా ఉండదు, గుంట పడక ఏం చేస్తుంది? ఎన్ని గోళీలో అన్ని గుంటలు. చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతుంది, అక్కడే మోసపోతాం. వేగం అందుకున్నాక ప్రతి గోళీ ఆ గుంటల్లో దిగి లేస్తుంది, తర్వాత అంచులు పెచ్చులూడతాయి. చెక్క అడ్డం పెట్టినా, "మెల్లగానే కొట్టానండీ" అన్నా, బయటి రింగు మీద కొడితే లెక్క అదే.

నేనైతే పాత 6206 లోపలి రింగుని షాఫ్ట్ మీద వదులుగా జారేలా లోపలివైపు కాస్త గ్రైండ్ చేసి దాచుకుంటాను. కొత్తదాని లోపలి రింగు మీద దాన్ని పెట్టి, పైన పైపు ముక్కతో కొడతాను. పక్కలు మూసే సీలు లేనిదైతే వేడి చేసి ఎక్కించడం ఇంకా మేలు. 110 డిగ్రీలు దాటనివ్వకండి, గ్యాస్ మంట అసలు చూపించకండి. గ్రీజు ఖాళీలో మూడో వంతు చాలు.

అభ్యాసం: స్క్రాపు షాపులో నాలుగు పాడైన బేరింగులు కొనండి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, బయటి రింగుని గ్రైండర్‌తో రెండు చోట్ల కోసి విప్పండి. కిరోసిన్‌తో కడిగి భూతద్దంలో చూడండి. సమాన దూరంలో గుంటలు గాడికి ఒక పక్కగా ఉంటే సుత్తి. అవే గుంటలు నడిమధ్యలో, తుప్పురంగు పొడితో ఉంటే, మోటారు ఆగి ఉన్నప్పుడు పక్క మిషను అదురుకు బేరింగ్ అరిగింది. సిమెంటు రేకులా అడ్డగీతలు వరసగా ఉంటే కరెంటు బేరింగ్ గుండా పోయింది. గోళీ జాడ వంకరగా పోతే రింగు ఒరిగి కూర్చుంది. నాలుగింటికీ కారణం రాసుకున్నాకే 5వ పాఠం తెరవండి. ఏదైనా తేలకపోతే ఇంకోటి కొని కోయండి.