పాత ట్రెయిల్ బండిని ట్రయల్స్ బండిగా మార్చాలంటే: కట్టర్ ఆన్ చేయకముందే చూసుకోవాల్సినవి

నల్లగొండలోనో పాలమూరులోనో షెడ్డుకు పోయి బండి మార్చాలంటే మెకానిక్‌కు ముందు తట్టేది స్పీడే. పోర్టింగ్ (సిలిండర్‌లో గాలి దారులను అరగదీసి పెద్దవి చేయడం), పెద్ద కార్బురేటర్, లోపల జాలీ పీకేసిన సైలెన్సర్. ట్రయల్స్ అంటే కాలు కింద పెట్టకుండా బండలు, గుట్టల మీద బండి ఎక్కించే పోటీ. ఆ బండికి ఈ మూడూ శత్రువులే. ఇందులో గెలుపు వేగానిది కాదు. సెక్షన్‌లో (పోటీకి గుర్తులు పెట్టిన దారి ముక్కలో) కాలు ఒకసారి నేలకు ఆనితే 1 మార్కు, రెండుసార్లు ఆనితే 2, ఆపైన ఎన్నిసార్లయినా 3, సెక్షన్ దాటలేకపోతే 5. తక్కువ మార్కులొచ్చినవాళ్లదే గెలుపు. మనిషి నడిచే వేగంతో, ఇంజిన్ ఆగకుండా బండ ఎక్కడమే పని.

షెడ్డు పనికి వానాకాలం మంచిది. అప్పుడు గుట్టలు పాచిపట్టి జారుతుంటాయి, ఎలాగూ ఎక్కలేం. దసరాకు ఫ్రేమ్, దీపావళికి చక్రాలు పూర్తయితే చలికాలమంతా సాధన చేసుకోవచ్చు. మార్చి దాటితే బండలు కాలిపోతుంటాయి. నడక వేగంలో ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కు గాలి తగలదు కాబట్టి ఆ ఎండలో పది నిమిషాలు నడిపితే ఇంకో పది నిమిషాలు నీడలో ఆపాల్సిందే.

పాతకాలపు ట్రయల్స్ బండి, అంటే క్లాసిక్ అనిపించుకోవాలంటే వెనక రెండు షాక్‌లు, డ్రమ్ బ్రేకులు, ఎయిర్ కూలింగ్ ఉండాలి. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ ట్రెయిల్ బండే (మట్టి దారులకు చేసినదే) కానీ సింగిల్ షాక్, పైగా 134 కిలోలు. సాధనకు పనికొస్తుంది, క్లాసిక్ మాత్రం కాదు. యమహా ఆర్‌ఎక్స్ 100 ట్రెయిల్ బండి కాకపోయినా లక్షణాల్లో క్లాసిక్‌కు దగ్గర. అయితే నంబర్లు సరిపోయి, ఒరిజినల్‌గా ఉన్న ఆర్‌ఎక్స్‌ను కోయడం పాపం. ట్యాంకు సొట్టలుపడి, సీటు చిరిగి మూలన పడున్నదాన్ని వెతకండి.

కొనే ముందు ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో పోల్చండి. 15 ఏళ్లు దాటింది కాబట్టి రెన్యువల్ సంగతి అడగండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండిని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అందుకే లైట్లు, ఇండికేటర్లు విప్పాక గుట్ట దాకా ట్రాలీ ఆటోలోనే తీసుకెళ్లాలి. ‘ఊరు దాటేదాకే కదా’ అని నడపొద్దు.

ఇక ఫ్రేమ్. ఎక్కువ బండ్లు పాడయ్యేది ఇక్కడే. హ్యాండిల్ మెడ చుట్టూ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బోల్టు దగ్గర, ఫుట్‌రెస్ట్ అతుకుల దగ్గర పెయింట్ గీకి, కిరోసిన్ పూసి, పది నిమిషాలాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే అందులో దాగిన కిరోసిన్ పైకి ఊరి తెల్లపొడిలో గీతలా కనిపిస్తుంది. మెడ దగ్గర గీత పడితే ఆ ఫ్రేమ్ వదిలేయండి.

ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి, కిందికి జరపాలి. స్వింగ్ ఆర్మ్ బోల్టుకు దాదాపు తిన్నగా కిందకు రావాలి. సాధారణంగా 50 మి.మీ. వెనక్కి, 20 మి.మీ. కిందికి జరిపితే సరిపోతుంది. ఇంకా దించితే బండరాళ్లకు తగిలి కాలు విసిరేస్తాయి. వెల్డింగ్ ముందు క్లాంపులతో బిగించి బండి మీద నిలబడి చూడండి: మోకాళ్లు కొద్దిగా వంచినప్పుడు చేతుల మీద బరువు పడకూడదు. గేరు, బ్రేకు పెడళ్లు బూటుకు అందాలి. ఫుట్‌రెస్ట్ జరిపి బ్రేక్ రాడ్డు మరిచిపోవడం మామూలే, ఆ సంగతి దిగుడులో తెలుస్తుంది.

బ్రాకెట్లకు 6 మి.మీ. ప్లేటు, దాని వెనక తిర్యక్‌గా ఒక ఆపు ముక్క పెట్టాలి. ఫ్రేమ్ పైపు గోడ పలుచన. గేట్లు, గ్రిల్స్ చేసే ఆర్క్ వెల్డర్ లావు రాడ్డు పెడితే పైపుకు బొక్క పడుతుంది, అందుకని మిగ్ (సన్న తీగతో చేసే వెల్డింగ్) ఉన్న షాపుకే పోవాలి. ముందు ట్యాంకు, కార్బురేటర్ విప్పి దూరంగా పెట్టండి. బ్యాటరీ, సీడీఐ (స్పార్క్ ఇచ్చే పెట్టె), రెక్టిఫైయర్ (ఛార్జింగ్ కరెంటును మార్చేది) ప్లగ్గులు ఊడదీయండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి పక్కనే ఉండాలి. చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి గుంటలు పడతాయి. ట్యాంకు చిల్లుకు మాత్రం వెల్డింగ్ వద్దు. సర్ఫుతో ఎన్నిసార్లు కడిగినా మూలల్లో పెట్రోలు ఆవిరి మిగులుతుంది, నిప్పు తగిలితే పేలుతుంది. చిన్న పాత ట్యాంకు ఒకటి దొరికించుకోవడమే నయం.

ట్రయల్స్ టైర్లు ముందు 2.75-21, వెనక 4.00-18 (టైరు వెడల్పు, రిమ్ సైజు, అంగుళాల్లో). ఆర్‌ఎక్స్‌లో 18 ఉన్న చోట 21 రిమ్ ఎక్కిస్తే ముందు భాగం కనీసం 38 మి.మీ. లేచి, మెడ కోణం దాదాపు రెండు డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఇరుకు మలుపులో చక్రం మొరాయిస్తుంది. మెడ కోసి అతకడం కన్నా వెనక షాక్‌లు 20–30 మి.మీ. పొడవువి వేయండి, ఫోర్కులను క్లాంపుల్లో 10 మి.మీ. పైకి జరపండి. ఆ తర్వాత ఫోర్కు స్ప్రింగులు తీసి పూర్తిగా అణచి, టైరు మడ్‌గార్డుకు తగలడం లేదని చూడండి. వెనక షాక్‌లు విప్పి స్వింగ్ ఆర్మ్‌ను పైకీ కిందికీ ఆడించండి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగుస్తుంది. వదులు అక్కడ చూడాలి, స్టాండు మీద కాదు. అక్కడ బిగుసుకుంటే గేర్‌బాక్స్ బేరింగు పోతుంది. చైన్‌కూ లావు టైరుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి.

గాలి వెనక 4–5 పీఎస్‌ఐ, ముందు 6. బంకులో మీటరు ఇంత తక్కువ నమ్మకంగా చూపదు, 15 దాకా కొలిచే చిన్న మీటరు కొనాలి. ఈ గాలికి టైరు రిమ్ మీద తిరిగి ట్యూబు వాల్వును పీకేస్తుంది. అందుకే వెనక రిమ్ లాక్ (టైరును రిమ్‌కు అదిమి పట్టే బిగింపు) తప్పనిసరి. వాల్వు నట్టు రిమ్‌కు బిగించకుండా వదులుగా వదిలితే, వాల్వు ఒరగడం కనిపించి ముందే తెలిసిపోతుంది.

గేరింగ్‌కు ముందు స్ప్రాకెట్ రెండు పళ్లు తగ్గించి, వెనకది పెంచండి. ఉదాహరణకు 14/42 అంటే 3, 12/48 అంటే 4: అదే ఇంజిన్ వేగానికి బండి నాలుగో వంతు నెమ్మది. స్ప్రాకెట్, చైన్ ఒకే సైజువి కావాలి. వెనక స్ప్రాకెట్‌కూ చైన్‌కూ మధ్య వేళ్లు దూరకుండా రేకు కవచం వేయించండి.

రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో బరువు తగ్గించాలని ఆయిల్ ట్యాంకు తీసేసేవారు పంపునూ తీసి ప్లేటు, గాస్కెట్‌తో మూయాలి. ఇంజిన్‌కు పోయే ఆయిల్ నాజిల్ కూడా మూసేయాలి, లేకపోతే అక్కడ గాలి పీల్చి పిస్టన్ పట్టేస్తుంది. ఆ తర్వాత లీటరు పెట్రోలుకు 25 మి.లీ. 2టీ ఆయిల్ కలపాలి. మరిచిపోయి ఒక్కసారి వట్టి పెట్రోలు పోసినా బోరు పోతుంది. తక్కువ వేగంలో ప్లగ్ మసిబారుతుంది, ఒకటి జేబులో ఉండాలి. మొరం దుమ్ముకు యాక్సిలేటర్ కేబుల్ పట్టేస్తుంది, వదలగానే టక్కున మూసుకోవాలి. మణికట్టుకు కట్టుకునే తాడు ఉన్న కిల్ స్విచ్ (లాగితే ఇంజిన్ ఆపేది) పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా మూడుసార్లు లాగి చూడండి.

చోటు విషయం. అమ్రాబాద్ టైగర్ రిజర్వు వైపు, రాచకొండ అడవిలోకి వద్దు. దేవరకొండ, కోయిలకొండ కోటల గోడల దగ్గరా వద్దు. పట్టా గుట్ట అయితే రైతును అడిగి, ముందు నడిచి చూడండి. గడ్డిలో గట్టు లేని పాత బావులు, నీళ్లు నిండిన క్వారీ గుంతలు ఉంటాయి. బండల కింద కొండ తేనెపట్టు కనిపిస్తే బండి స్టార్ట్ చేయకుండానే తోసుకుంటూ వెనక్కి రండి.