‘మా డబ్బులు మీరే ఆపేశారు’ అని తల్లి గొడవకు వస్తే

సమస్య: పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు ఊళ్ళో అందరికీ పడ్డాయి, ఈమెకు పడలేదు. నాలుగోసారి వచ్చి హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు) గది ముందు అరుస్తోంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా పెట్టింది. స్టాఫ్ రూంలో అందరూ "ఆమె అంతే సార్, వదిలేయండి" అంటున్నారు.

వదిలేయొద్దు. ముందు హాజరు 75 శాతం ఉందో లేదో, ఊరి సచివాలయం జాబితాలో పేరు అర్హుల్లో ఉందో, అనర్హుల్లో ఉందో చూడండి. అనర్హుల్లో ఉంటే కారణం అక్కడే తెలుస్తుంది: కరెంటు 300 యూనిట్లు దాటడం, కారు ఉండటం లాంటివి. అది తప్పైతే అర్జీ సచివాలయంలోనే పెట్టించాలి. పది నిమిషాల పని ఇది. అదీ చూడకుండా తల్లితో వాదనకు దిగేవాళ్ళను ఏటా చూస్తున్నాను.

అసలు చిక్కు పథకం స్టేటస్‌లో ‘జమ అయింది’ అని ఉన్నప్పుడే. 2025 జూన్‌లో ఇలాంటి ఒక తల్లి విషయంలో నేను అక్కడే దెబ్బతిన్నాను. స్టేటస్ చూసి, ఆమె అర్జీకి జవాబుగా "ఆరోపణ నిరాధారం" అని రాసి పైకి పంపేశాను. మర్నాడు ఆమె పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చిన పాస్‌బుక్ విప్పి, చివరి ఎంట్రీ కింద వేలు పెట్టి "ఏది సార్, చూపించండి" అంది. నిజంగానే లేదు.

కారణం: ఈ డబ్బు పాస్‌బుక్ నంబరును చూసి పడదు, ఆధార్‌ను చూసి పడుతుంది. ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే మ్యాప్ అయి ఉంటుంది, చివరగా ఎక్కడ సీడింగ్ (ఖాతాకు ఆధార్ జోడించడం) జరిగితే అదే. ఈమె సిమ్ కొన్నప్పుడు షాపులో వేలిముద్ర వేయించుకుని పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచారు. 13,000 రూపాయలూ అందులో ఉన్నాయి. అలాంటి ఖాతా ఉందనే ఆమెకు తెలియదు.

పరిష్కారం: కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. మై ఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ తెరిచి, ఓటీపీ ఆమె చేతే కొట్టించండి. బ్యాంకు పేరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసిచ్చి, "అమ్మా, ఆధార్ పట్టుకెళ్ళి ఈ బ్యాంకులో అడగండి" అని చెప్పండి. వచ్చే ఏడాదికి తను వాడే బ్యాంకులో మళ్ళీ సీడింగ్ చేయించుకోమనండి. నాలాగా ముందే ‘నిరాధారం’ అని రాసేసి ఉంటే, ఆ మాట వెనక్కి తీసుకుంటూ కొత్త జవాబు పంపండి. ఆమె అర్జీ మీద ఆ మాట అలాగే ఉండిపోకూడదు.

ఏం చూపించినా ఒప్పుకోని వాళ్ళు ఏడాదికి ఒకరు కూడా రారు. వాళ్ళకు రాతలో ఒక జవాబిచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, నకలు ఎంఈవో (మండల విద్యాధికారి)కు పంపండి.